రెండు లిస్టుల్లోంచి ఏరుకున్న గేమింగ్ కంప్యూటర్

ప్రశ్న: మాది హనుమకొండ. డిగ్రీ పూర్తిచేసి ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. దాచుకున్న డబ్బుతో మొదటిసారి గేమింగ్ కంప్యూటర్ చేయించుకోవాలని ఉంది. హైదరాబాద్‌లో ఉండే మా బావ ఒక లిస్టు రాసి పంపాడు. ఇక్కడి షాపులో అడిగితే వాళ్లు ఇంకో లిస్టు ఇచ్చారు. రెండింటిలో ఏ వస్తువు ఎక్కడ తక్కువకు వస్తే దాన్ని తీసుకుని నేనొక లిస్టు తయారు చేసుకున్నాను: రైజెన్ 5 5600 ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ ఒకటి, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎం.2 ఎస్ఎస్‌డీ, 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌తో (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) కలిపి వచ్చే గ్లాసు క్యాబినెట్, 75 హెర్ట్జ్ మానిటర్. ఇంట్లో పాత కంప్యూటర్‌కు వాడిన 600 వీఏ యూపీఎస్ ఉంది. వాలరెంట్ ఎక్కువగా ఆడతాను. సైబర్‌పంక్ 2077 లాంటివీ ఆడాలని ఉంది. ఇవన్నీ ఒకదానికొకటి సరిపోతాయా? నేనే బిగించుకోవచ్చా?

సమాధానం: కొనకముందే రాశారు, మంచిదైంది. ఈ వస్తువులన్నీ ఇలాగే తెచ్చి టేబుల్ మీద పెడితే కంప్యూటర్ ఆన్ కావడం అటుంచి, అసలు ప్రాసెసరే బోర్డులో కూర్చోదు. ఇందులో మీ బావ తప్పూ లేదు, షాపువాళ్ల తప్పూ లేదు. ఆయన రైజెన్‌కు జోడీగా బీ450 గానీ బీ550 గానీ బోర్డు రాసి ఉంటారు. షాపువాళ్లు హెచ్610 పక్కన ఇంటెల్ ఐ5-12400ఎఫ్ లాంటిది రాసి ఉంటారు. దేనికది చూస్తే రెండూ సరైన లిస్టులే. ధర చూసి ఇందులోంచి ఒకటి, అందులోంచి ఒకటి ఏరేసరికి స్ప్లెండర్ ఇంజను తెచ్చి పల్సర్ ఛాసిస్‌లో బిగించబోయినట్లయింది.

అయినా ఈ రకం పొరపాటును చూసి నేను పెద్దగా భయపడను. ప్రాసెసర్ సాకెట్‌లో, అంటే బోర్డు మీద అది కూర్చునే గూట్లో, పట్టకపోతే ఆ సంగతి అక్కడికక్కడే తెలిసిపోతుంది, షాపతను కూడా ముందే గుర్తుపడతాడు, సీలు విప్పని వస్తువును మార్చుకోవడమూ కష్టం కాదు. భయపడవలసింది చక్కగా పట్టి, లైట్లు వెలిగి, ఆట కూడా మొదలై, లోపల మాత్రం సగం శక్తితో నడిచే వాటి గురించి, లేదా ఎనిమిది నెలలు నడిచి పక్కనున్న ఖరీదైన భాగాన్ని కూడా తీసుకుపోయే వాటి గురించి. మీ లిస్టులో అలాంటివి ఒకటికి నాలుగున్నాయి. అందుకే మొదటి రకాన్ని త్వరగా ముగించి, రెండో రకం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఏఎండీ కంపెనీ చేసే రైజెన్ 5 5600 కూర్చునేది ఏఎం4 సాకెట్‌లో. హెచ్610 బోర్డు మీద ఉండేది ఇంటెల్ వారి ఎల్‌జీఏ 1700 సాకెట్. అందులో 12, 13, 14వ తరాల ఇంటెల్ ప్రాసెసర్లు మాత్రమే కూర్చుంటాయి. ర్యామ్ సంగతీ అంతే. ఏఎం4 బోర్డులన్నీ డీడీఆర్4వే, కొత్తదైన ఏఎం5 బోర్డులన్నీ డీడీఆర్5వే. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో మాత్రం రెండు రకాలూ దొరుకుతాయి కనుక పెట్టె మీద పేరును చివరి అక్షరం దాకా చదవాలి; పేరు చివర డీ4 అనో డీడీఆర్4 అనో ఉంటే అది పాత రకం ర్యామ్‌కు చేసినది. రెండు రకాల ర్యామ్‌కూ 288 కాంటాక్టులే ఉండడం వల్ల చూపుకు ఒకేలా కనిపిస్తాయి గానీ, మధ్యలో ఉండే గాడి వేరే చోట ఉంటుంది. కాబట్టి ఒక రకం ఇంకోదాని స్లాటులో దిగదు, బలవంతంగా దింపబోతే స్లాటు పగులుతుంది.

ఇక ఏ దారిన వెళ్లాలన్నది మీ ముందున్న అసలు నిర్ణయం. ఏఎం4 సాకెట్ కథ దాదాపు ముగిసింది. మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ మార్చాలనుకుంటే బోర్డు, ర్యామ్ కూడా మార్చవలసి వస్తుంది. ఎల్‌జీఏ 1700 కూడా 14వ తరంతో ఆగిపోయింది. ఏఎం5 సాకెట్‌ను 2027 వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది కనుక ముందుచూపుతో అయితే అదే మేలు. కానీ 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ పెరుగుదల అంతా భరించి ఏఎం5కు వెళ్లి, ఆ లోటు పూడ్చుకోవడానికి గ్రాఫిక్స్ కార్డును తగ్గించుకుంటే ఆటలో మీకు ఒరిగేది ఏమీ ఉండదు. నా సలహా ఇది: కొనేరోజు ఏఎం4, ఏఎం5 రెండు దారుల్లోనూ వాటివాటి ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి ఎంతవుతుందో రాయించుకోండి. మూడింటినీ విడదీసి బేరం చేయకండి. తేడా మీరు భరించగలిగినంతే ఉంటే ఏఎం5 తీసుకోండి, లేకపోతే రైజెన్ 5 5600తో బీ550 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ తీసుకుని నిశ్చింతగా ఉండండి. వాలరెంట్‌కు అది కావలసినదానికంటే ఎక్కువ, సైబర్‌పంక్‌కు 1080పీలో (1920 x 1080 చుక్కల తెర మీద) చాలినంత.

షాపులో 5600 లేదని 5500 గానీ 5600జీ గానీ చేతిలో పెడితే మాత్రం ఆగండి. పేర్లు దగ్గరగా ఉన్నా వస్తువులు దగ్గరివి కావు. 5600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉంటే మిగిలిన రెండింటిలో 16 ఎంబీయే ఉంటుంది, ఆటల్లో ఆ తేడా కనిపిస్తుంది. పైగా గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే దారైన పీసీఐఈ ఆ రెండింటిలో 3.0 వరకే; 5600 మాత్రం పీసీఐఈ 4.0 ఇస్తుంది. 5600జీలో సొంత గ్రాఫిక్స్ ఉంటుంది కనుక కార్డు కొనలేనివారికి అది మంచిదే, మీకు కాదు. అదే విధంగా ఇంటెల్ పేర్ల చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5 5600లోనూ ఉండదు కాబట్టి, గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొనుక్కుందామని వాయిదా వేస్తే అప్పటిదాకా మానిటర్ మీద ఏమీ రాదు.

బోర్డు విషయంలో ఇంకొక చిక్కుంది. సాకెట్ కలిసినంత మాత్రాన బోర్డు ఆ ప్రాసెసర్‌ను గుర్తుపట్టాలని లేదు. రైజెన్ 5 5600 వచ్చింది 2022 ఏప్రిల్‌లో. బీ450 బోర్డులు 2018 నాటివి, బీ550 బోర్డులు 2020 నాటివి. పాత బయాస్‌తో, అంటే కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే బోర్డు లోపలి ప్రోగ్రాంతో, అల్మరాలో ఉండిపోయిన బోర్డు అయితే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర మీద ఏమీ కనిపించదు, వస్తువు పాడైందని అందరూ అనుకుంటారు. కొనేముందు ఆ బోర్డు తయారీదారు సైటులో ప్రాసెసర్ల పట్టిక తెరిచి, మీ ప్రాసెసర్ ఏ బయాస్ వెర్షన్ నుంచి నడుస్తుందో చూసి, ఆ వెర్షన్ వేసి ఇవ్వమని షాపులోనే అడగండి. చిన్న పనే, కానీ ఇంటికి తెచ్చాక మీకది పెద్ద పని.

ఇప్పుడు లోపల్లోపల దెబ్బతీసే వాటికి వద్దాం. మొదటిది 16 జీబీ ర్యామ్ ఒకే ముక్కగా కొనడం. ఈ ప్రాసెసర్లు ర్యామ్‌తో రెండు చానెళ్లలో మాట్లాడతాయి. ఒకే ముక్క పెడితే ఒక చానెల్ ఖాళీగా ఉండిపోతుంది. కంప్యూటర్ ఏ ఫిర్యాదూ చేయదు, విండోస్‌లో 16 జీబీ అనే చూపిస్తుంది, ఆటలో మాత్రం ఉండుండి తడబడుతుంది. వాలరెంట్ లాంటి, ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేసే ఆటల్లో ఇది మరీ తెలుస్తుంది. అందుకని ఒకే పెట్టెలో జతగా వచ్చే రెండు 8 జీబీ ముక్కలు తీసుకోండి. నాలుగు స్లాట్లున్న బోర్డులో వాటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులోనూ నాలుగో స్లాటులోనూ పెట్టాలి. పక్కపక్కనే పెడితే చాలా బోర్డుల్లో మళ్లీ ఒకే చానెల్ అవుతుంది. మొదటిసారి ఆన్ చేశాక బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే అమరికను ఆన్ చేయాలి. అది చేయకపోతే 3200 వేగం అని డబ్బులిచ్చి కొన్న ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది. ఇలా ఏళ్ల తరబడి నడుస్తున్న కంప్యూటర్లు మన ఊళ్లో ఎన్నో ఉన్నాయని నా అనుమానం.

రెండోది క్యాబినెట్‌తో కలిపి వచ్చే 450 వాట్ల ఎస్ఎంపీఎస్. మీ లిస్టులో నేను అన్నిటికంటే ముందు కొట్టేసేది ఇదే. లెక్క చూడండి. 5600 పూర్తి భారం మీద 76 వాట్ల దాకా తీసుకుంటుంది, ఆర్ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు తీసుకుంటుంది, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లకు ఇంకో 50 వేసుకుంటే మొత్తం 260 దగ్గరకు వస్తుంది. 450 ఉంది కదా, చాలదా అనిపిస్తుంది. కానీ ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన పట్టికను ఒకసారి చదవండి. అందులో 3.3, 5, 12 వోల్టులకు వేర్వేరు గడులుంటాయి. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తాగేది 12 వోల్టుల లైను నుంచే. చవక ఎస్ఎంపీఎస్‌లలో ఆ గడిలో 18 ఆంపియర్లు అని ఉందనుకోండి, 12ను 18తో గుణిస్తే వచ్చేది 216 వాట్లు. మిగతా అంకెంతా మీకు పెద్దగా పనికిరాని లైన్లలో చూపించి 450 అని పైన రాస్తారు. మీ ప్రాసెసర్, కార్డు రెండూ కలిసే 208 వాట్లు. పైగా గ్రాఫిక్స్ కార్డు క్షణంలో వెయ్యో వంతు సేపు తన లెక్కకు మించి లాగుతుంది. అప్పుడు మంచి ఎస్ఎంపీఎస్ అయితే తట్టుకుంటుంది లేదా తనంతట తాను ఆగిపోతుంది. చవకది ఏం చేస్తుందో చెప్పలేం.

కాబట్టి క్యాబినెట్‌ను ఎస్ఎంపీఎస్ లేకుండా విడిగా కొని, పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ వేరుగా తీసుకోండి. దాని పట్టికలో 12 వోల్టుల గడి దగ్గర 45 ఆంపియర్లకు అటూఇటుగా ఉంటుంది. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉండడం మంచిదే, కానీ ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందన్న సంగతి మాత్రమే. లోపలి భాగాల నాణ్యతకు అదే హామీ కాదు. ఐదేళ్ల వారంటీ ఇచ్చేదాన్ని నేనైతే ఎక్కువగా నమ్ముతాను. తీగల చివరలు కూడా చూసుకోవాలి. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల తీగ నాలుగు-నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లేది ఆరు-రెండుగా విడిపోతుంది. ఆర్ఎక్స్ 6600కు ఆరు-రెండు రకం ఒకటి కావాలి. చవక ఎస్ఎంపీఎస్‌లో అది లేకపోతే పాత హార్డ్‌డిస్కు తీగ నుంచి మార్చే చిన్న అడాప్టర్ ఇస్తామంటారు, వద్దనండి. విడదీసే తీగలున్న మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ కొంటే, ఆ పెట్టెలో వచ్చిన తీగలు తప్ప ఇంకో కంపెనీవి వాడకూడదు. కనెక్టర్ పట్టినా లోపల వోల్టుల వరుస వేరుగా ఉండి ఎస్ఎస్‌డీ నుంచి బోర్డు దాకా కాలిపోయే ప్రమాదం ఉంది.

దీని కొనసాగింపే మీ యూపీఎస్. 600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లు. లోపల 260 వాట్లు కావాలంటే ఎస్ఎంపీఎస్ గోడ నుంచి 300 పైనే తీసుకుంటుంది, దానికి మానిటర్ 30 కలపండి. అంచు మీద ఉన్నారన్నమాట. పైగా ఆ బ్యాటరీ పాతది. కరెంటు పోయినప్పుడు విండోస్ ఖాళీగా ఉంటే యూపీఎస్ నిలబెడుతుంది, ఆట మధ్యలో ఉంటే టప్పున ఆరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలివాన లేచి రెండు మూడుసార్లు కరెంటు పోయి వచ్చే రోజులు మనకు కొత్త కాదు కనుక, ఇప్పుడు కాకపోయినా ఎండాకాలంలోపు 1000 వీఏ యూపీఎస్‌కు డబ్బు పక్కన పెట్టుకోండి. అది ఆట ఆడుకోవడానికి కాదు, ఆట ముగించి కంప్యూటర్ ఆపుకోవడానికి. అప్పటిదాకా పాత యూపీఎస్‌ను పూర్తిగా తీసేయనక్కరలేదు గానీ దాని మీద భరోసా పెట్టుకోకండి.

ఇంట్లో ప్లగ్గు మూడో రంధ్రానికి నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో ఆ రంధ్రం అలంకారానికే ఉంటుంది. అలాంటి చోట క్యాబినెట్ ఇనుప అంచును తాకితే చెయ్యి జిమ్మంటుంది. చెడిపోయిందని ఎస్ఎంపీఎస్‌ను మారుస్తారు, కొత్తదీ జిమ్మంటుంది. లోపల ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి ఎర్తింగ్‌కు పోవలసిన చిన్న కరెంటు పోయే దారి లేక పెట్టె మీదే ఉండిపోవడం వల్ల అలా జరుగుతుంది. ఏ భాగం మార్చినా అది పోదు, ఎర్తింగ్ వేయిస్తేనే పోతుంది.

మూడోది గ్లాసు క్యాబినెట్. ముందువైపు గాజు పలక మూసేసి, దాని వెనక రంగు లైట్ల ఫ్యాన్లు పెట్టిన రకం మీరు చూసి ఉంటారు. చూడ్డానికి బాగుంటుంది, గాలి లోపలికి పోయే సందు మాత్రం పక్కన వేలెడంత కూడా ఉండదు. ఇంటర్నెట్‌లో మీరు చూసే పరీక్షలు చాలావరకు ఏసీ గదుల్లో చేసినవి. 22 డిగ్రీల గదిలో ఒక ప్రాసెసర్ 72 డిగ్రీలు చూపిస్తే, గదిలో వేడి ఎంత పెరిగితే లోపల కూడా దాదాపు అంతే పెరుగుతుంది. మే నెలలో వరంగల్‌లోనూ కరీంనగర్‌లోనూ బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఏసీ లేని గదిలో 37 ఉంటే అదే ప్రాసెసర్ 87 దగ్గర ఉంటుంది. రైజెన్ 5 5600కు ఏఎండీ పెట్టిన హద్దు 90. అక్కడికి చేరుకున్నాక అది తన వేగం తానే తగ్గించుకుంటుంది, మీకు ఆట నెమ్మదించినట్టు కనిపిస్తుంది. ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోండి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి నెట్టాలి. జాలీ ఉంటే దుమ్ము వస్తుందన్నది నిజమే, అందుకే కడుక్కోవడానికి వీలుగా ఊడివచ్చే ఫిల్టర్ ఉన్నదాన్ని ఎంచుకోండి. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు గనుల దగ్గర ఉండేవారైతే ఆ ఫిల్టర్‌ను ఇంకా తరచుగా కడుక్కోవాలి.

5600తో పెట్టెలోనే ఒక చిన్న కూలర్ వస్తుంది. మొదటి చలికాలం దానితో గడిచిపోతుంది. ఎండాకాలానికి టవర్ రకం కూలర్ వేసుకోవాలనుకుంటే క్యాబినెట్ కొనేటప్పుడే అది ఎంత ఎత్తు కూలర్‌ను పట్టనిస్తుందో చూసుకోండి. 120 మిల్లీమీటర్ల ఫ్యానున్న టవర్ కూలర్లు సుమారు 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, సన్నటి క్యాబినెట్‌లో పక్క తలుపు మూసుకోదు. క్యాబినెట్ కొలతల కాగితంలోనే గ్రాఫిక్స్ కార్డు పొడవు హద్దు కూడా ఉంటుంది. రెండు ఫ్యాన్ల ఆర్ఎక్స్ 6600 చాలా క్యాబినెట్లలో హాయిగా పడుతుంది. మూడు ఫ్యాన్లది కొంటే కొలత చూసుకుని కొనాలి, ముందువైపు ఫ్యాను మందం అందులోంచి తీసేయాలి. ఇంకొక మాట: గదిలో నీళ్ల కూలర్ పెట్టుకునేవాళ్లు ఆ గాలి నేరుగా క్యాబినెట్ మీదికి రాకుండా చూసుకోవాలి. చల్లగా ఉంది కదా అని ఎదురుగా పెడితే తేమతో కలిసిన దుమ్ము ఫ్యాన్ల రెక్కల మీద పేస్టులా పట్టుకుంటుంది.

నాలుగోది మానిటర్. 75 హెర్ట్జ్ తెర సెకనుకు 75 చిత్రాలకు మించి చూపలేదు. వాలరెంట్‌లో ఈ కంప్యూటర్ అంతకు ఎన్నో రెట్లు తయారు చేస్తుంది, అంతా వృథా. మీరు ఎక్కువగా ఆడేది అదే కనుక, లైట్ల ఫ్యాన్లకు పెట్టే డబ్బు ఇటు మళ్లించి 144 హెర్ట్జ్ గానీ అంతకు పైన గానీ ఉన్న 1080పీ మానిటర్ తీసుకోండి. దాని తీగను బోర్డు వెనక ఉన్న పోర్టులో కాదు, కింద అడ్డంగా ఉండే గ్రాఫిక్స్ కార్డు పోర్టులో పెట్టాలి. ఆ తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 అని మీరే ఎంచుకోవాలి, లేకపోతే చాలాసార్లు 60 దగ్గరే ఉండిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు మీ లిస్టులో సరిగ్గానే ఉంది. 8 జీబీ మెమరీతో 1080పీకి ఆర్ఎక్స్ 6600 ఇప్పటికీ గౌరవంగా నడుస్తుంది; పాత బీ450 బోర్డులో పీసీఐఈ 3.0 మీద పెట్టినా స్వల్పంగానే తగ్గుతుంది. దాని బదులు 6500 ఎక్స్‌టీ ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. దానికి ఉండేవి నాలుగు పీసీఐఈ లేన్లే (డేటా నడిచే వరుసలు), ఎక్కువగా అమ్ముడయ్యే రకంలో మెమరీ 4 జీబీయే. ఎస్ఎస్‌డీ విషయంలో ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో నెమ్మదైన సాటా రకమూ వస్తుంది, వేగమైన ఎన్‌వీఎంఈ రకమూ వస్తుంది. బిల్లులో ఎన్‌వీఎంఈ అని రాయించుకోండి, వీలైతే 1 టీబీ తీసుకోండి. పెద్ద ఆటలు ఒక్కోటి 100 జీబీ దాటుతున్న రోజుల్లో 512 మూడు నాలుగు ఆటలకే నిండిపోతుంది.

విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే బయాస్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రక్షణ అమరికలు రెండూ ఆన్‌లో ఉండాలి. షాపువాళ్లు అలవాటు కొద్దీ లెగసీ అనే పాత పద్ధతిలో విండోస్ వేసి ఇస్తే సెక్యూర్ బూట్ ఆన్ కాదు, ఆట తెరుచుకోదు, మళ్లీ మొదటినుంచి వేయవలసి వస్తుంది. యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో వేయమని ముందే చెప్పండి.

కొనడం ఎక్కడన్న ప్రశ్నకు: కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళితే రకాలు ఎక్కువ, బేరమూ ఆడవచ్చు. హనుమకొండలో కొంటే కొంత ఎక్కువ పడినా ఏదైనా నడవకపోతే బండి మీద వెళ్లి మార్చుకు రావచ్చు. మొదటిసారి కాబట్టి నేను హనుమకొండకే మొగ్గుతాను, తేడా మరీ ఎక్కువైతే తప్ప. ఎక్కడైనా సరే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడింటినీ ఒకే షాపులో కొనండి. ఒకటి నడవకపోతే తప్పు ఇంకో షాపు వస్తువుది అని తిప్పే అవకాశం ఉండదు. జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు ఉండాలి. బిల్లు లేకుండా 18 శాతం మిగులుతుందని ఆశపెడితే, వారంటీకి వెళ్లిన రోజున ఆ 18 శాతం ఎంత చిన్నదో తెలుస్తుంది.

మీరే బిగించుకోవచ్చా అంటే, బిగించుకోవచ్చు. జాగ్రత్తలు కొన్నే. ఏఎం4 సాకెట్ పక్కనున్న లివరు ఎత్తి, ప్రాసెసర్ మూలన ఉన్న చిన్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి కలిపి వదిలితే అది తన బరువుకే కిందికి దిగుతుంది. వేలితో నొక్కవలసి వచ్చిందంటే దిశ తప్పిందని అర్థం. తర్వాతెప్పుడైనా కూలర్ తీయవలసి వస్తే నిటారుగా లాగకండి. పేస్టు పట్టుకుని ప్రాసెసర్ కూడా పిన్నులతో సహా ఊడి వస్తుంది. కాసేపు నడిపి వెచ్చబడ్డాక అటూఇటూ మెల్లగా తిప్పి తీయాలి. క్యాబినెట్‌లో బోర్డు కింద బిగించే ఇత్తడి స్టాండాఫ్‌లు బోర్డు రంధ్రాల కింద మాత్రమే ఉండాలి. రంధ్రం లేని చోట ఒకటి మిగిలిపోయినా బోర్డు షార్ట్ అవుతుంది. బోర్డు పై ఎడమ మూలలో ప్రాసెసర్ పవర్ తీగ పెట్టడం కొత్తవాళ్లు ఎక్కువగా మరిచిపోతారు.

అయితే ఈసారికి షాపులోనే మీ కళ్ల ముందు బిగించమని అడిగి, పక్కన నిలబడి చూడమంటాను. బోర్డుకు ప్రాసెసర్, ర్యామ్, కార్డు పెట్టగానే క్యాబినెట్‌లో ఎక్కించకముందే ఒకసారి ఆన్ చేయించండి. బయాస్ తెరలో ప్రాసెసర్ పేరు, ర్యామ్ రెండు ముక్కలు, వాటి వేగం మీరే చదివి చూసుకోండి. ఎక్స్‌ఎంపీ, సెక్యూర్ బూట్ అక్కడే ఆన్ చేయించండి. అంతా సరిగా ఉందనుకున్నాక డబ్బు కట్టి, ఇంటికి తెచ్చేముందు గ్రాఫిక్స్ కార్డును విప్పించి దాని పెట్టెలో పెట్టించుకోండి; ఆటోలో గతుకుల మీద దాని బరువంతా స్లాటు మీదే పడుతుంది. ఇంటికి వచ్చాక దాన్ని స్లాటులో పెట్టి, క్లిప్పు టక్కుమనే దాకా నొక్కి, స్క్రూ బిగించి, ఎనిమిది పిన్నుల తీగ తగిలించడం ఒక్కటే మీ చేతి పని.